అంకణం వెనక చట్టం

పొలాన్ని ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్మే వ్యాపారంలో జరిగే మోసాలను అరికట్టడానికి మన దేశంలో ప్రత్యేకంగా ఒక్క చట్టమంటూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తలా ఒక పని చూసుకుంటాయి. వీటిలో ఎక్కువ భాగం సొమ్ము చేతులు మారి, దస్తావేజు మీద వేలిముద్రలు పడ్డాకే కదులుతాయి. బయానా ఇవ్వకముందే కొనేవారిని కాపాడే నిబంధనలు కొన్నే ఉన్నాయి. జనానికి తక్కువగా తెలిసినవీ అవే. నెల్లూరు కోస్తాలో ఈ తెలియనితనానికి సామాన్య కుటుంబాలు చెల్లిస్తున్న మూల్యం చాలా ఎక్కువ.

ఓడరేవు మాట, పొలంలో రాళ్లు

కావలి నుంచి తడ దాకా ఉన్న తీరం ఒకప్పుడు సరుగుడు తోటలు, ఉప్పు కొఠార్లు, రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ గట్లతో నిండి ఉండేది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. దాని వెంటే నేలటూరు, పైనాపురం వైపు బొగ్గు విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. ముత్తుకూరు, వెంకటాచలం, మనుబోలు మండలాల్లో ఎకరాల లెక్కన అమ్ముడైన పొలాలు చిన్న స్థలాలుగా మారడం అప్పటినుంచే ఊపందుకుంది. 2022 జులైలో రామాయపట్నం ఓడరేవుకు భూమిపూజ జరిగింది. 2025 జనవరిలో కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి శంకుస్థాపన అయింది. వీటికి తోడు రిఫైనరీ, విమానాశ్రయం మాటలు. ఒక్కో ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే హైవే పక్క పొలాల్లో రంగు వేసిన హద్దు రాళ్లు లేస్తాయి, తోరణం కడతారు, కరపత్రాలు అచ్చవుతాయి.

కొనేవాళ్లలో ఎక్కువమంది చిన్న ఉద్యోగులు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, రొయ్యల మీద నాలుగు రూపాయలు మిగిల్చుకున్న రైతులు, కూతురి పెళ్లికి అక్కరకు వస్తుందని స్థలం కొనిపెట్టుకునే తల్లిదండ్రులు. స్థలంలో వెంటనే ఇల్లు కట్టే ఉద్దేశం వీరికి ఉండదు. అందుకే మోసం పదేళ్లకో పదిహేనేళ్లకో, ఇల్లు కట్టబోయినప్పుడో అమ్మబోయినప్పుడో బయటపడుతుంది. అప్పటికి వెంచర్ వేసిన ఆఫీసుకు తాళం పడి ఉంటుంది.

ఇక్కడి బేరం గజాల్లో కాదు, అంకణాల్లో నడుస్తుంది. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. ఎకరానికి సరిగ్గా 605 అంకణాలు. తిరుపతి, చిత్తూరు వైపు అంకణం 36 చదరపు అడుగులే. రెండు లెక్కలూ పక్కపక్కనే ఉన్నచోట ఒప్పందంలో చదరపు అడుగులు కూడా రాయించుకోకపోతే సగం స్థలం మాటల్లోనే పోతుంది.

అక్రమ లేఅవుట్ ఎందుకు వేస్తారో ఈ 605 అంకణాల లెక్కే చెబుతుంది. నిబంధనల ప్రకారం మొత్తం స్థలంలో 10 శాతం పార్కుకు, ఆటస్థలానికి వదలాలి. రోడ్లకు పాతిక శాతం పోయిందనుకుంటే ఎకరంలో అమ్ముకోవడానికి మిగిలేది సుమారు 393 అంకణాలు. పార్కు ఎగ్గొట్టి, రోడ్లను 12 శాతానికి కుదిస్తే 532 అంకణాలు అమ్మవచ్చు. తేడా 139 అంకణాలు. అంకణం 20 వేల రూపాయలే అనుకున్నా, ఎకరానికి దాదాపు 28 లక్షలు అదనంగా చేతికొస్తాయి. కాలువలు, కరెంటు స్తంభాలు, నీటి ట్యాంకు కట్టకుండా మిగిలేది దీనికి అదనం. కొన్నవాళ్ల పిల్లలు ఆడుకోవాల్సిన చోటు, అంబులెన్సు తిరగాల్సిన వీధి ఈ 28 లక్షల్లో కరిగిపోతాయి.

అమ్మకూడని నేల

నెల్లూరు కోస్తాలో స్థలం కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అమ్మే మనిషిని కాదు, ఆ నేల పుట్టుపూర్వోత్తరాలను. ఇక్కడ చట్టప్రకారం అమ్మడానికే వీల్లేని భూమి చాలా రకాలుగా ఉంది.

మొదటిది డీకేటీ భూమి. భూమిలేని పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఇది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దీని అమ్మకాన్ని నిషేధించింది. అమ్మితే ఆ బదిలీ చెల్లదు, కొన్నవారికి ఏ హక్కూ సంక్రమించదు. భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవారి మీద కేసు కూడా పెట్టవచ్చు. 2023లో చేసిన సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైనీలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ మీదట జరిగిన అమ్మకాలపై ఆరోపణలు రావడంతో 2024లో కొత్త ప్రభుత్వం ఈ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు ఆదేశించింది. ‘ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్, ఇక భయమేం లేదు’ అనే బ్రోకర్ మాటను అందుకే తేలిగ్గా నమ్మకూడదు.

రెండోది సీజేఎఫ్ఎస్ భూమి. 1970ల్లో పేద కుటుంబాలను సమష్టి సాగు సంఘాలుగా కూర్చి ప్రభుత్వం ఇచ్చిన భూములివి. నెల్లూరు జిల్లాలో ఇవి వేల ఎకరాల్లో ఉన్నాయి. సంఘం పేరు మీద ఇచ్చిన భూమిని ఒక సభ్యుడు తన సొంత పొలంలా అమ్మినట్టు రాసిన కాగితాలు ఊళ్లలో చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళితులు, చేతికి వచ్చిన కొద్ది డబ్బుకు వేలిముద్ర వేసినవారు. ఈ వ్యవహారంలో మోసపోయేది స్థలం కొన్నవారు ఒక్కరే కాదు.

మూడోది చుక్కల భూమి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన సర్వే నంబర్లివి. తరాలుగా సాగులో ఉన్నా వీటిని ప్రభుత్వ భూములుగా లెక్కగట్టి నిషేధిత జాబితాలో చేర్చారు. 2017లో దీనికోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. రాష్ట్రవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా ఎకరాలను జాబితా నుంచి తొలగించే కార్యక్రమాన్ని 2023 మే 12న అప్పటి ముఖ్యమంత్రి కావలిలోనే ప్రారంభించారు. ఆ తొలగింపు తన సర్వే నంబరుకు, తన సబ్‌డివిజన్‌కు వర్తించిందా అన్నది కొనేవారు కాగితంలో చూసుకోవాలి. పక్క నంబరు బయటపడిందంటే ఈ నంబరూ బయటపడినట్టు కాదు.

ఇవిగాక చెరువు పోరంబోకు, కాలువ పోరంబోకు, దేవాదాయ మాన్యాలు, వక్ఫ్ భూములు, ఉప్పు శాఖ భూములు ఉన్నాయి. తీరానికి దగ్గరైతే కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వచ్చి పడతాయి. వీటిని 1991 ఫిబ్రవరి 19న మొదట ప్రకటించారు, 2011లో, 2019లో మార్చారు. 2011 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణానికి వీల్లేదు. 2019 ప్రకటన జనసాంద్రత బాగా ఎక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాలకు ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వంటి బీచ్‌ల పక్కన ‘సముద్రం కనిపించే ప్లాట్లు’ అమ్మేవారు ఈ గీత ఎక్కడుందో చెప్పరు. సముద్రపు పోటు ఎక్కే వాగులు, మొగల పక్కన కూడా నిషేధపు దూరం ఉంటుంది. ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు ఇంకా కఠినమైన కోవలోకి వస్తాయి. ఇలాంటి స్థలానికి పట్టా నికార్సైనదే కావచ్చు, అమ్మకం చెల్లవచ్చు, కానీ ఇల్లు మాత్రం కట్టుకోనివ్వరు.

పరిశ్రమల కోసం భూసేకరణ జరిగే చోట మరో మెలిక ఉంది. 2013 నాటి భూసేకరణ చట్టం 11(4) సెక్షన్ ప్రకారం ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక ఆ సర్వే నంబర్లలో కలెక్టరు ప్రత్యేక అనుమతి లేకుండా క్రయవిక్రయాలు జరగకూడదు. రామాయపట్నం, కృష్ణపట్నం చుట్టుపక్కల కొనేవారు ఈ ప్రకటనలను తప్పకుండా చూసుకోవాలి.

రిజిస్ట్రేషన్ చెప్పేదెంత

‘రిజిస్ట్రేషన్ అయింది కదా’ అన్న ధీమా అన్ని మోసాలకూ ఆయువుపట్టు. రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్‌రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. రాసినవారు, రాయించుకున్నవారు వచ్చారా, సంతకాలు వారివేనా, స్టాంపు సుంకం కట్టారా అన్నది ఆయన చూస్తారు. అమ్మినవారికి ఆ భూమి మీద హక్కు ఉందా అన్నది తేల్చే అధికారం ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో మరోసారి స్పష్టం చేసింది. మన దేశంలో హక్కుకు ప్రభుత్వం పూచీ ఇవ్వదు. ఆ పూచీ ఇస్తామంటూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. హక్కును తేల్చే అధికారం కోర్టుల నుంచి అధికారుల చేతికి పోతుందన్న తీవ్ర వ్యతిరేకత మధ్య 2024లో రద్దయింది.

అయితే రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరే ఆగాల్సిన అమ్మకాలు కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ ఇందుకోసం పుట్టింది. ఆంధ్రప్రదేశ్ దీన్ని 1999లో చేర్చింది. రాజస్థాన్‌లోని ఇలాంటి సెక్షన్‌ను 2005లో సుప్రీంకోర్టు కొట్టేశాక, 2007లో మార్చి రాసింది. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, భూపరిమితి చట్టం కింద మిగులుగా తేలిన భూములు ఈ జాబితాలోకి వస్తాయి. ఈ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు వారీగా దొరుకుతుంది. ఐదు నిమిషాల పని. నెల్లూరు కోస్తాలో స్థలం కొనే ప్రతి కుటుంబం బయానాకు ముందు చేయాల్సిన మొదటి పని ఇదే. జాబితాలో లేనంత మాత్రాన భూమి శుభ్రమని కాదు. నమోదు కాని పోరంబోకులు బోలెడున్నాయి. జాబితాలో ఉంటే మాత్రం అక్కడితో బేరం ఆపేయాలి.

దస్తావేజు షెడ్యూలునూ మాట మాటా చదవాలి. సర్వే నంబరు పక్కన బై నంబరు ఉందా? రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరుతో పాటు కొత్త భూమి ముక్క పటం (ఎల్‌పీఎం) నంబరు రాశారా? చెక్కుబందీలో ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని ఉంటే ఆ రోడ్డును పంచాయతీకి గిఫ్టు దస్తావేజు ద్వారా రాసిచ్చారా? రాసివ్వకపోతే ఆ రోడ్డు ఇంకా పాత రైతు పేరు మీదే ఉంటుంది. రేపు ఆయన వారసులు దానికీ రాళ్లు పాతి అమ్ముకోవచ్చు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో (ఈసీలో) ఒకే విస్తీర్ణానికి ఇద్దరి పేర్లు కనిపిస్తున్నాయా? రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లో, 1బిలో ఉన్న విస్తీర్ణం అమ్ముతున్న ప్లాట్ల మొత్తానికి సరిపోతుందా? ఈ ప్రశ్నలకు జవాబులు మీ భూమి పోర్టల్‌లో, తహసీల్దారు కార్యాలయంలో, గ్రామ సర్వేయరు దగ్గర ఉంటాయి. బ్రోకర్ చేతిలోని జిరాక్సులో ఉండవు.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చూపించి అమ్మడం మరో పాత అలవాటు. రైతు దగ్గర పొలం పూర్తిగా కొనకుండానే జీపీఏ రాయించుకుని ప్లాట్లు అమ్ముతారు. రైతుకు బాకీ తీరదు. ఆయన చనిపోతే చాలా సందర్భాల్లో ఆ అధికారమే ఆగిపోతుంది. జీపీఏ, అమ్మకపు ఒప్పందం, వీలునామా కలిపి రాసుకుంటే యాజమాన్యం మారదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజుతోనే హక్కు మారుతుంది.

అమ్మేవారి నోటిని బలవంతంగా తెరిపించే పాత నిబంధన ఒకటుంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం తనకు తెలిసిన, కొనేవారు మామూలుగా కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడమే మోసమని ఆ సెక్షన్ చివర స్పష్టంగా ఉంది. అబద్ధం ఆడకపోయినా, నోరు మూసుకున్నా మోసమే. 1882 నుంచీ ఈ మాట చట్టంలో ఉంది.

పంచాయతీ అప్రూవల్ అనే మాయ

కరపత్రాల్లో ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్న ముద్ర పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. నగర, గ్రామ ప్రణాళిక విభాగం సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుట్‌కు అనుమతి ఇవ్వలేదు. సర్పంచి సంతకం, కార్యదర్శి రశీదు లేఅవుట్ అనుమతి కావు. 2017లో ఏర్పడిన నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) పరిధిలోని గ్రామాల్లో ఆ అనుమతి ఉందో లేదో నుడాలోనూ అడిగి చూసుకోవాలి. ప్రతి అనుమతికీ ఎల్‌పీ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో పాటు ఆమోదించిన ప్లాను కాగితం అడగాలి. ఆఫీసు గోడ మీది రంగుల బొమ్మ ప్లాను కాదు.

2017 జులైలో వచ్చిన లేఅవుట్ నిబంధనలు రోడ్లు, కాలువలు పూర్తి చేస్తారన్న హామీగా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టించాయి. పనులు పూర్తయ్యాకే ఆ తనఖా విడుదలవుతుంది. తనఖాలో ఉన్న ప్లాట్లనే తక్కువ ధరకు, ‘మీకు మాత్రమే’ అంటూ అంటగట్టడం మామూలైంది. తనఖా నంబర్లు ప్లాను మీదే గుర్తించి ఉంటాయి కాబట్టి చూసుకోవడం కష్టం కాదు.

అక్రమ లేఅవుట్లు పెరిగిన ప్రతిసారీ ప్రభుత్వాలు క్రమబద్ధీకరణ పథకం తెచ్చాయి. 2007లో వచ్చింది, 2020 జనవరిలో వచ్చింది. 2025లో కటాఫ్ తేదీని 2025 జూన్ 30కి పొడిగిస్తూ మళ్లీ వచ్చింది. రుసుము కట్టేది ప్లాటు కొన్నవారు. వెంచర్ వేసి వెళ్లిపోయినవారు కాదు. చేసిన తప్పుకు ఒకరు లాభం తీసుకుని, జరిమానా మరొకరి నెత్తిన వేసే ఈ పద్ధతి న్యాయం కాదు. పైగా రాబోయే పథకం మీద నమ్మకంతోనే తర్వాతి అక్రమ లేఅవుట్ వేస్తున్నారు. క్రమబద్ధీకరణ హక్కులోని లోపాన్ని కూడా సరిచేయదు. డీకేటీ భూమిలోని ప్లాటుకు రుసుము కట్టినా అది డీకేటీ భూమే.

రెరా ఇచ్చిన బలం

ప్లాట్ల కొనుగోలుదారుకు ముందుగానే రక్షణ ఇచ్చిన చట్టం 2016 నాటి రెరా. అపార్టుమెంట్ల చట్టమన్న అపోహ జనంలో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన భూమిని ప్లాట్లుగా వేసి అమ్మే ప్రాజెక్టులన్నీ దీని పరిధిలోకి వస్తాయి. 500 చదరపు మీటర్లంటే 75 అంకణాలు కూడా కాదు. అంటే ఊరి చివర ఎకరంలో వేసిన వెంచర్ కూడా రెరాలో నమోదు కావాల్సిందే. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం, ‘ప్రీ లాంచ్ ఆఫర్’ పేరుతో అడ్వాన్సు వసూలు చేయడం అన్నీ 3వ సెక్షన్ కింద నిషిద్ధం. ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా జరిమానా పడుతుంది. ఆదేశాన్ని లెక్కచేయకపోతే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

నమోదు చేసుకున్న ప్రమోటరు భూమి హక్కు పత్రాలు, ఆమోదిత ప్లాను, తనఖాలు, కోర్టు కేసులు అన్నీ అథారిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని విడి బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు భూమికి, పనులకే వాడాలి. ఒక వెంచర్ డబ్బుతో మరో ఊళ్లో పొలం కొనడానికి వీల్లేదు. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్లానులో చూపిన పార్కును మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కరపత్రంలో అబద్ధం రాస్తే 12వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి, కొన్నవారు తప్పుకుంటే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. కరపత్రాన్ని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను భద్రంగా దాచుకోవాలనడానికి కారణమిదే. రేపు అదే సాక్ష్యం. బ్రోకర్లు సైతం రెరాలో నమోదు కావాలి, లేకుంటే రోజుకు 10 వేల రూపాయల చొప్పున జరిమానా.

రెరాలో తీరప్రాంత కొనుగోలుదారుకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది 18(2) సెక్షన్. హక్కులో లోపం వల్ల నష్టపోతే ప్రమోటరు పరిహారం ఇవ్వాలి, ఈ క్లెయిముకు కాలపరిమితి అడ్డురాదు. స్థలం డీకేటీ భూమిదని పన్నెండేళ్ల తర్వాత తెలిసినా ఫిర్యాదు చేయవచ్చు.

లోటు కూడా చెప్పాలి. రిజిస్ట్రేషన్ బాధ్యత ప్రధానంగా ప్లానింగ్ ఏరియాలోని ప్రాజెక్టులకు వర్తిస్తుంది, వెలుపలి వాటిని నమోదు చేయమని అథారిటీ ప్రత్యేకంగా ఆదేశించాల్సి వస్తుంది. సరిహద్దు అవతలి గ్రామాల్లో వెంచర్లు వేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. వ్యవసాయ భూమిగానే ఉంచి ‘ఫామ్ ప్లాట్లు’ అని పది సెంట్లు, ఇరవై సెంట్లు అమ్మేవారు ఇది ఇళ్ల లేఅవుటే కాదని వాదిస్తారు. రోడ్లు వేసి, నంబర్లు ఇచ్చి, గేటు పెట్టి అమ్మేదాన్ని పొలమని పిలిస్తే పొలం అయిపోదు. ఈ సందును ప్రభుత్వం నిబంధన రాసి మూసేయాలి.

కిస్తీల్లో భూమి

నెలనెలా కొంత కట్టండి, గడువు తీరాక స్థలమైనా ఇస్తాం, పెరిగిన ధరైనా ఇస్తాం అని చెప్పే పథకాలు ప్లాట్ల వ్యాపారంలో అత్యంత ప్రమాదకరమైనవి. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ దీనికి తెలుగువారు మరువలేని ఉదాహరణ. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయల దాకా సేకరించింది. కట్టినవారిలో కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఎక్కువ. ఏజెంట్లు ఊళ్లో చుట్టాలే కావడంతో కంపెనీ కూలాక కుటుంబాలు కూలాయి. 2015 నుంచి సీఐడీ దర్యాప్తు, 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ఆస్తుల జప్తు, హైకోర్టు పర్యవేక్షణలో వేలం ప్రయత్నాలు నడిచాయి. 10 వేల లోపు కట్టినవారికి 2019లో, 20 వేల లోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వమే ఖజానా నుంచి చెల్లించింది.

ఇలాంటి పథకం అమ్మకం కాదు, సమష్టి పెట్టుబడి పథకం. సెబీ చట్టం 11ఎఎ సెక్షన్ కింద దానికి సెబీ అనుమతి తప్పనిసరి. వ్యవసాయ భూమి పేరుతో నడిచిన పీఏసీఎల్‌ను 49,100 కోట్లు తిరిగి చెల్లించమని 2014 ఆగస్టులో సెబీ ఆదేశించింది కూడా ఈ సెక్షన్ కిందే. ఏ ప్లాటు కొంటున్నారో సర్వే నంబరుతో సహా చెప్పకుండా కిస్తీ కట్టించుకునేవారు భూమి అమ్మడం లేదు, డిపాజిట్లు తీసుకుంటున్నారు.

బయటి దేశాల అనుభవం

1920ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో నీళ్లు నిలిచిన బాడవలను నగర సమీపపు ప్లాట్లుగా అమ్మారు. మోసపు పథకాలకు తన పేరే మిగిల్చిపోయిన చార్లెస్ పోంజీ కూడా జైలు నుంచి వచ్చి అక్కడ ప్లాట్లు అమ్మి, 1926లో మళ్లీ దోషిగా తేలాడు. టపాలో వచ్చిన బొమ్మ చూసి, నేల చూడకుండా కొన్నవారు చాలామంది ఉన్నారు. దశాబ్దాల తర్వాత 1968లో అమెరికా అంతర్‌రాష్ట్ర భూ విక్రయాల చట్టం చేసింది. వంద, అంతకు మించి ప్లాట్లున్న లేఅవుట్ ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. రోడ్డు, నీరు, హక్కు, అప్పు వివరాలతో అచ్చయిన నివేదికను సంతకానికి ముందే కొనేవారి చేతికివ్వాలి. సంతకం తర్వాత ఏడు రోజుల్లోపు కారణం చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కాలిఫోర్నియా కూడా సాధారణంగా లేఅవుట్‌కు ప్రభుత్వ నివేదిక విడుదల కానిదే అమ్మకం జరగనివ్వదు.

రెరాలో వెబ్‌సైట్ వెల్లడి ఉంది కానీ, చేతికిచ్చే తెలుగు నివేదిక లేదు, మనసు మార్చుకునే ఏడు రోజులూ లేవు. ఆదివారం బస్సు ఎక్కించి, భోజనం పెట్టి, సాయంత్రానికి బయానా రాయించుకునే వ్యాపారాన్ని ఆపగలిగేది ఆ ఏడు రోజులే. ఆంధ్రప్రదేశ్ తన రెరా నిబంధనల్లో ఈ రెండిటినీ చేర్చే దారి చూడాలి. అవసరమైతే కేంద్రాన్ని సవరణ అడగాలి.

ఎక్కడికి, ఎంతలోపు

మోసపోయినవారికి దారులు నాలుగున్నాయి, ఒకదాన్ని ఎంచుకుంటే మిగతావన్నీ మూసుకుపోవు. రెరా అథారిటీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అభివృద్ధి చేసిస్తామన్న హామీతో ప్లాటు అమ్మడం కేవలం భూమి అమ్మకం కాదు, సేవ అవుతుందని 2012 మేలో హైదరాబాద్‌కు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్లు. సివిల్ కోర్టులో దస్తావేజు రద్దుకు మూడేళ్లు. ఆ మూడేళ్లు మోసం బయటపడ్డ రోజు నుంచి లెక్క.

నాలుగోది క్రిమినల్ కేసు. పాత 420 సెక్షన్ ఇప్పుడు న్యాయ సంహితలో 318(4) అయింది. శిక్ష ఏడేళ్ల దాకా. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, దొంగ లింకు డాక్యుమెంట్లు సృష్టించడం, చనిపోయిన రైతు స్థానంలో మరొకరిని నిలబెట్టి వేలిముద్ర వేయించడం దీని కిందికీ, ఫోర్జరీ సెక్షన్ల కిందికీ వస్తాయి. ‘ఇది సివిల్ తగాదా’ అని పోలీసు స్టేషన్‌లో తిప్పి పంపడం తరచూ జరుగుతుంది. అమ్మే నాటికే హక్కు లేదని అమ్మినవారికి తెలుసని చూపే కాగితం ఒక్కటి జతచేస్తే ఆ మాట నిలవదు. పాత ఈసీ, తహసీల్దారు నోటీసు, నిషేధిత జాబితా ప్రతి ఇందుకు పనికొస్తాయి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, ఆపై మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు.

మూడేళ్లకు మించిన శిక్ష పడే నేరానికి క్రిమినల్ కేసులో కాలపరిమితి లేదు. ఏళ్లు గడిచాయి, ఇక ఏం చేస్తాంలే అని బీరువాలో పెట్టేసిన దస్తావేజు ఉన్నవారు దాన్ని బయటికి తీసి, సర్వే నంబరును 22ఎ జాబితాతో సరిచూసుకుని, ఈ నెలలోనే ఒక న్యాయవాదికి చూపించాలి.